శిస్తు లెక్కలో అర్థశాస్త్రం
సంప్రదాయ ఆర్థిక సిద్ధాంతాలు, దత్త మండలాల అనుభవం: ఒక సమీక్ష

ఆత్మకూరు, నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల ఈ రోజు ఒకే నంద్యాల జిల్లాలో ఉన్నాయి. 19వ శతాబ్దం మొదట్లో ఇవి రెండు ఏలుబడుల కింద, రెండు శిస్తు పద్ధతుల కింద ఉండేవి. 1800లో నిజాం కుంఫిణీకి (ఈస్టిండియా కంపెనీకి) రాసిచ్చిన దత్త మండలాల్లో కోవెలకుంట్ల ఉంది. నంద్యాల, సిరివెళ్ల, నందికొట్కూరు వైపు గ్రామాలు 1839 దాకా కర్నూలు నవాబు చేతిలోనే ఉన్నాయి. నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పదవి నుంచి దించిన తర్వాతే ఆ నేల కుంఫిణీ లెక్కల్లోకి ఎక్కింది. 1858లో కోవెలకుంట్లను కడప నుంచి తీసి కర్నూలులో కలిపారు. అప్పటికి రెండు తరాల పాటు పక్కపక్క ఊళ్ల రైతులు వేర్వేరు కచ్చేరీలకు వేర్వేరు పద్ధతుల్లో శిస్తు కడుతూ వచ్చారు.

సరిగ్గా అదే కాలంలో లండన్‌లో ఒక కొత్త శాస్త్రం రూపు దిద్దుకుంటోంది. నేల మీద వచ్చే ఆదాయం ఎవరిది, అది ఎలా పుడుతుంది, దాని మీద పన్ను వేస్తే ఎవరికి తగులుతుంది అన్నవి దాని ప్రధాన ప్రశ్నలు. రైతు దగ్గరే నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీని మన దగ్గర ఆ శాస్త్రమే మలిచిందని కొందరంటారు. ఖజానా అవసరమే మలిచింది, శాస్త్రం తర్వాత వచ్చి దానికి సాక్ష్యం చెప్పింది అంటారు మరికొందరు. 1876–78 కరువులో జనం చనిపోవడానికి ఆడం స్మిత్ పుస్తకం ఎంతవరకు కారణం అన్న తగువు ఇంకొకటి. రాయలసీమ వెనుకబాటు గురించి మాట్లాడే ప్రతి సభలోనూ ఈ మూడూ కలగాపులగంగా వినిపిస్తుంటాయి. వాటిని విడదీసి చూడాల్సిన అవసరం ఉంది.

పేరు, పుట్టుక

ఈ శాస్త్రానికి ‘క్లాసికల్’ అన్న పేరు పెట్టినవాడు కార్ల్ మార్క్స్. విలియం పెట్టీ మొదలు డేవిడ్ రికార్డో వరకు ఉన్నవాళ్లను ఆయన ఆ పేరుతో పిలిచాడు. 1936లో కీన్స్ ఆ గీతను మార్షల్, పిగూల దాకా సాగదీశాడు. అందుకే ఇప్పటికీ ఆ మాట ఎవరు ఎవరి గురించి వాడుతున్నారో చూసుకోవాలి. మన పాఠ్యపుస్తకాల్లో ‘సంప్రదాయ ఆర్థికవేత్తలు’ అంటే స్మిత్, మాల్థస్, రికార్డో, సే, ఇద్దరు మిల్‌లు. ఈ వ్యాసంలోనూ ఆ అర్థమే.

వీళ్లకు ముందు యూరప్‌లో చెల్లుబాటైన ఆలోచన వాణిజ్యవాదం. బంగారం, వెండి దేశంలోకి రావాలి, బయటికి పోకూడదు. అందుకు ఎగుమతులు పెంచాలి, గుత్త కంపెనీలను పోషించాలి. ఈస్టిండియా కంపెనీ ఆ ఆలోచన కన్నబిడ్డే. దాన్ని మొదట ఎదిరించింది ఫ్రాన్స్‌లోని ఫిజియోక్రాట్లు. రాజుగారి వైద్యుడు ఫ్రాంస్వా కెనే 1758లో ఒక పట్టిక గీసి, ఖర్చులు పోను నికరంగా మిగిల్చేది నేల ఒక్కటేనని వాదించాడు. మిగిలేది నేల మీదే కాబట్టి పన్ను కూడా నేల మీదే, ఒకే పన్నుగా ఉండాలన్నాడు. ఈ మాట గుర్తుంచుకోవాలి, మన కథలో మళ్లీ వస్తుంది. బెంగాల్ శాశ్వత శిస్తు వెనుక ఈ ఫ్రెంచి ఆలోచన పనిచేసిందని రణజిత్ గుహ 1963లో ఒక పుస్తకమంతా రాసి చూపించాడు.

1776లో స్మిత్ గ్రంథం వచ్చింది. సంపద అంటే బంగారం కాదు, ఏడాది పొడుగునా జనం శ్రమతో తయారయ్యే సరుకు అన్నది దాని పునాది. శ్రమ విభజనతో ఉత్పత్తి పెరుగుతుంది; శ్రమ విభజన ఎంతదాకా సాగుతుందన్నది అంగడి ఎంత పెద్దదన్న దాన్ని బట్టి ఉంటుంది; అంగడి పెరగాలంటే గుత్తాధిపత్యాలు, అడ్డంకులు పోవాలి. ప్రభుత్వానికి ఆయన మూడు పనులు మిగిల్చాడు: దేశరక్షణ, న్యాయం, వ్యాపారికి గిట్టుబాటు కాని ప్రజాపనులు. ఈ మూడో పనిని స్మిత్ పేరు చెప్పేవాళ్లలో చాలామంది వదిలేస్తారు. వ్యాపారి రాజైతే ప్రజలకు ఏ గతి పడుతుందో చెప్పడానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణ కుంఫిణీయే అన్న సంగతి కూడా వదిలేస్తారు.

ఆ తర్వాత మాల్థస్ 1798లో జనాభా గురించి, రికార్డో 1817లో పంపకం గురించి రాశారు. జాన్ స్టువర్ట్ మిల్ 1848లో అందరినీ కలిపి ఒక పెద్ద గ్రంథంగా కట్టాడు. వీళ్ల మధ్య తగాదాలు చాలానే ఉన్నాయి. అందరినీ కలిపేది ఒక ప్రశ్న: దేశంలో పుట్టిన సంపద భూస్వామికి భాటకంగా, పెట్టుబడిదారుకు లాభంగా, కూలికి వేతనంగా ఏ నియమం ప్రకారం పంపకమవుతుంది?

ఇంగ్లండ్‌లో ఈ ముగ్గురూ ముగ్గురు మనుషులు. భూస్వామి ఊరి పెద్దబంగళాలో, కౌలుకు తీసుకుని పెట్టుబడి పెట్టే రైతు తన ఇంట్లో, కూలి తన గుడిసెలో ఉంటారు. కోవెలకుంట్ల రేగడి మీద సేద్యం చేసే సాదా రైతు విషయం అది కాదు. ఎద్దులు, గొర్రు, గుంటక అతనివే, కాబట్టి పెట్టుబడిదారు. పొద్దున్నే మడక కట్టేదీ అతనే, కాబట్టి కూలి. ఆ నేల తనదని చెప్పుకునేదీ అతనే. మూడు వాటాలూ ఒకే గాదెలో కలిసిపోయి ఉన్న చోట వాటిని విడదీసి, ఇది భాటకం, ఇది సర్కారుది అని ఎవరు చెప్పాలి? దత్త మండలాల్లో సంప్రదాయ అర్థశాస్త్రానికి ఎదురైన చిక్కంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది.

రేగడి, ఎర్రనేల, గరుసు

రికార్డో భాటక సిద్ధాంతాన్ని మన నేలల మీద పెట్టి చూస్తే సులువుగా అర్థమవుతుంది. ఒక ఊహాలెక్క వేద్దాం. ఎకరా సేద్యానికి ఎద్దుల మేత, విత్తనం, కూలి, పెట్టుబడి మీద మామూలు లాభం అన్నీ కలిపి ఐదు బస్తాల జొన్నల ఖర్చు అనుకుందాం. రేగడిలో పది బస్తాలు, ఎర్రనేలలో ఏడు, గరుసులో ఐదు పండుతాయి. ఊళ్లో జనం తక్కువగా ఉన్నంతకాలం రేగడి ఒక్కటే సాగవుతుంది. నేల పుష్కలం కాబట్టి దానికి ఎవరూ అదనంగా ఏమీ ఇవ్వరు. జనం పెరిగేకొద్దీ ఎర్రనేలకు, ఆపైన గరుసుకు పోవాలి. గరుసు నేలలో ఖర్చు గిట్టాలంటే ధాన్యం ధర ఆ మేరకు ఉండాలి. అప్పుడు ఎర్రనేలలో రెండు, రేగడిలో ఐదు బస్తాలు మిగులుతాయి. ఆ మిగులే భాటకం. గరుసుకు భాటకం లేదు.

దీంట్లోంచి రికార్డో తీసిన ఫలితం అప్పటి ఇంగ్లండ్‌ను కుదిపింది. భాటకం ఎక్కువ కావడం వల్ల ధాన్యం ధర పెరగలేదు, ధాన్యం ధర పెరగడం వల్లే భాటకం పెరిగింది. అంటే భూస్వామి ఏ పనీ చేయకుండానే, ఊరి అవసరం పెరిగినందుకు అతని రాబడి పెరుగుతోంది. విదేశీ ధాన్యాన్ని అడ్డుకునే 1815 నాటి ధాన్య చట్టాల మీద పోరాటానికి ఇది ఆయుధమైంది. ఆ చట్టాలు రద్దు కావడానికి 1846 దాకా పట్టింది, ఎందుకంటే పార్లమెంటు నిండా భూస్వాములే.

రికార్డో మిత్రుడు జేమ్స్ మిల్ ఇంకో అడుగు వేశాడు. రేగడిలో మిగిలే ఆ ఐదు బస్తాలూ సర్కారు తీసుకుంటే ఏమవుతుంది? సాగు ఆగదు, ఎందుకంటే ఖర్చు, లాభం రైతుకు దక్కుతూనే ఉన్నాయి. ధర పెరగదు. కాబట్టి దేశం మీద ఏ బరువూ పడని పన్ను ఇదొక్కటే. ఇంగ్లండ్‌లో ఈ మాట అమలు చేయడం అసాధ్యం. ఇండియాలో మాత్రం సర్కారే భూస్వామి అని కుంఫిణీ చెప్పుకుంటోంది. 1817లో భారతదేశ చరిత్ర రాసిన జేమ్స్ మిల్ 1819లో లండన్‌లోని కుంఫిణీ కార్యాలయంలో ఉద్యోగంలో చేరాడు. 1830 నాటికి అక్కడ పై పదవికి ఎక్కి, మన జిల్లాల శిస్తు గురించి పంపే ఉత్తరాల ముసాయిదాలు చూసే స్థానంలో కూర్చున్నాడు. 1831లో పార్లమెంటు కమిటీ ముందు ఇదే వాదన వినిపించాడు. ఇక కుంఫిణీ కుర్ర ఉద్యోగులకు చదువు చెప్పే హెయిలీబరీ కళాశాలలో 1805 నుంచి అర్థశాస్త్రం బోధించింది స్వయంగా మాల్థస్. ప్రపంచంలో మరే దేశంలోనూ సిద్ధాంతకర్తలకు, పన్ను వసూలు చేసే కచ్చేరీకి ఇంత దగ్గర చుట్టరికం ఉండేది కాదేమో.

మన్రో వేసిన లెక్క

థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు, అక్కడి విశ్వవిద్యాలయంలోనే చదివాడు. అక్కడే పాఠాలు చెప్పిన స్మిత్ అప్పటికి ఆ కొలువు వదిలి వెళ్లిపోయాడు. మన్రో తండ్రి అమెరికా పొగాకు వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో వర్తకం మునిగిపోయింది. కొడుకు 1780లో సైనికుడిగా మద్రాసు ఓడ దిగాడు. బారామహల్‌లో కెప్టెన్ రీడ్ దగ్గర శిస్తు పని నేర్చుకున్నాడు. 1800లో దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చి 1807 వరకు ఉన్నాడు.

ఆయనకు ఎదురైన నేల చదువుకున్న పుస్తకంలాంటిది కాదు. 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కోటలు, వాళ్ల కట్టుబడి బంట్రోతులు, దశాబ్దాల యుద్ధాలతో పాడుపడ్డ ఊళ్లు. పాలెగాళ్లను అణచి, కొందరికి భత్యాలు పడేసి, 1802లో సర్వే మొదలుపెట్టాడు. ప్రతి పొలాన్నీ గొలుసుతో కొలిపించి, నేల తరగతి కట్టి, దాని మీద నగదు శిస్తు నిర్ణయించి, రైతు పేరిటే పట్టా ఇచ్చాడు. ఏటా జమాబందీలో ఆ రైతు ఆ సంవత్సరం ఏ పొలాలు ఉంచుకున్నాడు, ఏవి వదిలేశాడు అన్నది చూస్తారు. రైత్వారీ అంటే ఇదే. ఆయన ఉన్న ఏడేళ్లలో వసూలు దాదాపు ఒకటిన్నర రెట్లయింది.

1807 ఆగస్టులో, ఊరు విడిచి వెళ్లే ముందు, మన్రో రెవిన్యూ బోర్డుకు రాసిన ఉత్తరమే ఈ చర్చకు కీలక సాక్ష్యం. తాను విధించిన శిస్తు మొత్తం పంటలో సుమారు నూటికి 45 పాళ్లు పడుతోందని ఆయన అంచనా. అంత తీసుకుంటే రైతుకు నేల ఒక ఆస్తి కాదు, అమ్మితే కొనేవాడుండడు. అందుకని అన్ని భూముల మీదా నూటికి 25 చొప్పున తగ్గించమన్నాడు. బావులతోనో, వాగుల నుంచి నీళ్లు తోడుకునో పండించే నేలకు ఇంకో 8 కలిపి 33 తగ్గించమన్నాడు. 45లో పావు తీసేస్తే 34కు కాస్త తక్కువ, అంటే పంటలో మూడో వంతు. అక్కడికి దిగితేనే రైతు చేతిలో కొంత మిగిలి, నేలకు ధర వస్తుందని, తన నేల అన్న మాటకు అర్థం వస్తుందని ఆయన నమ్మకం.

తేదీలు చూడండి. ఈ ఉత్తరం 1807 నాటిది. భాటకం గురించి మాల్థస్, రికార్డోలు రాసింది 1815లో, రికార్డో ప్రధాన గ్రంథం 1817లో. మిగులు ఎక్కడ మొదలవుతుంది, సర్కారు అందులో ఎంత తీసుకోవాలి అన్న ప్రశ్నను మన్రో వాళ్లకంటే ముందే రేగడి మీద నిలబడి వేసుకున్నాడు. జవాబు కూడా జేమ్స్ మిల్‌కు వ్యతిరేకంగా చెప్పాడు: మిగులు మొత్తం తీసుకోకు, కొంత రైతుకు వదులు.

పైవాళ్లు ఆ మాట వినలేదు. 1808లో మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు ఊళ్లను మొత్తంగా గుత్తకిచ్చారు. చాలామంది గుత్తదారులు దివాలా తీశారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరై వచ్చాకే రైత్వారీ, దాంతోపాటు తగ్గింపు అమలయ్యాయి. 1827 జూలై 6న దత్త మండలాల పర్యటనలోనే, పత్తికొండలో కలరాతో ఆయన చనిపోయాడు. జనం ఆయన్ను మన్రోలయ్య అని తలచుకున్నారంటే, ఆ తగ్గింపు రైతు ఇంట్లో నిజంగా తెలిసి ఉండాలి.

మూడు వాదాలు

మొదటి వాదం సిద్ధాంతానికి పెద్దపీట వేస్తుంది. ఎరిక్ స్టోక్స్ 1959లో ప్రచురించిన గ్రంథం దీనికి మూలం. జేమ్స్ మిల్ వంటి ఉపయోగితావాదులు ఇండియాను ప్రయోగశాలగా చూశారని, రికార్డో భాటకం శిస్తు విధానానికి కొలబద్ద అయిందని ఆయన చూపించాడు. అందుకు బలమైన ఉదాహరణ పూనా ప్రాంతం. హెయిలీబరీలో చదివిన ప్రింగిల్ 1828 నుంచి అక్కడ నేలనేలకూ నికర ఉత్పత్తి లెక్కగట్టి శిస్తు వేశాడు. రైతులు ఊళ్లు వదిలి పారిపోయారు. 1835లో గోల్డ్‌స్మిడ్, వింగేట్ ఆ లెక్కను పక్కనపెట్టి కంటితో చూసి, అనుభవంతో శిస్తు కట్టాల్సి వచ్చింది. ఎస్. అంబిరాజన్ 1978లో ఈ దారిలోనే ఇంకా ముందుకెళ్లి, కరువు, కరెన్సీ, పన్నుల దాకా సిద్ధాంతం ముద్రను పత్రాల్లోంచి తీసి చూపించాడు.

రెండో వాదం ఖజానాకు పెద్దపీట వేస్తుంది. బర్టన్ స్టయిన్ 1989లో రాసిన మన్రో జీవిత అధ్యయనం ప్రకారం రైత్వారీ పుట్టింది అర్థశాస్త్రంలోంచి కాదు, సైన్యం అవసరంలోంచి. పాలెగాళ్లు, జమీందార్లు మధ్యలో ఉంటే వాళ్ల దగ్గర డబ్బూ ఉంటుంది, బలగమూ ఉంటుంది. మధ్యవాళ్లను తొలగించి రైతు దగ్గరే వసూలు చేయడం టిప్పు సుల్తాన్ అంతకుముందే మొదలుపెట్టిన పని. నీల్మణి ముఖర్జీ 1962లో మద్రాసు రైత్వారీ మీద చేసిన పరిశోధన కూడా సిద్ధాంతానికీ కచ్చేరీ ఆచరణకూ మధ్య దూరాన్ని వివరంగా చూపింది.

మూడో వాదం ఈ రెండింటినీ పక్కకు నెట్టి, ఫలితం చూడమంటుంది. దాదాభాయి నౌరోజీ, రమేశ్ చంద్ర దత్, 1892లో పూనాలో భారతీయ అర్థశాస్త్రం గురించి ఉపన్యసించిన రానడే ఈ దారివాళ్లు. లండన్ సూత్రాలు ఇక్కడి మనిషికి వర్తించవన్నది రానడే మాట. ఆశ్చర్యమేమంటే ఆ మాటను సంప్రదాయ అర్థశాస్త్రం లోపలి మనిషే 60 ఏళ్ల ముందు చెప్పాడు. రిచర్డ్ జోన్స్ 1831లో, రికార్డో భాటకం ఇంగ్లండ్ వంటి చిన్న మూలకే సరిపోతుందని, రైతు బతకడానికి నేల తప్ప దారిలేని దేశాల్లో శిస్తును నిర్ణయించేది నేల సారం కాదు, రాజు బలమూ ఆచారమూ అని రాశాడు. మాల్థస్ తర్వాత హెయిలీబరీ కుర్చీలో కూర్చున్నదీ ఈయనే. అంటే సిద్ధాంతం తప్పని చెప్పిన పుస్తకం కూడా కుంఫిణీ కళాశాలలోనే ఉంది.

వీటిలో ఏది నిలుస్తుంది? పుట్టుక విషయంలో రెండో వాదమే బలంగా ఉంది; 1807 ఉత్తరం దాన్ని తేల్చేస్తుంది. పొడిగింపు విషయంలో మొదటి వాదాన్ని కాదనలేం. మన్రో తర్వాత ‘నికర ఉత్పత్తి’ అన్న మాట అధికారుల నాలుక మీద స్థిరపడింది, 1864లో మద్రాసు రాజధానిలో నికర ఉత్పత్తిలో సగం సర్కారు వాటా అని నియమమే అయింది. కానీ ఆ నికరం ఎవరు లెక్కగట్టాలి? ఇంటివాళ్ల చాకిరీకి కూలి ఎంత వేయాలి? మూడేళ్లకోసారి వచ్చే కరువును ఏ పద్దులో రాయాలి? పైన వేసిన ఊహాలెక్కలో ‘ఖర్చు ఐదు బస్తాలు’ అని ఒక్క ముక్కలో చెప్పేశాం. ఆ ఐదును నాలుగు అని రాస్తే గరుసు నేలకు కూడా భాటకం పుట్టుకొస్తుంది. కరణం కలంలో ఒక బస్తా తేడా రైతు ఇంట్లో ఒక పూట తిండి.

పైగా శిస్తు నగదులో నిర్ణయమైంది. 1820ల తర్వాత మూడు దశాబ్దాల పాటు ధాన్యం ధరలు పడిపోయాయని ఎ. శారదా రాజు 1941లో ప్రచురించిన అధ్యయనం వివరిస్తుంది. అదే రూపాయి కట్టడానికి రైతు ఎక్కువ ధాన్యం అమ్ముకోవాల్సి వచ్చింది. మన్రో ఇచ్చిన పావు తగ్గింపు అలా కరిగిపోయింది. 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం, శిస్తు కోసం రైతుల వేళ్లను చెక్కల మధ్య బిగించే కిట్టి గురించి, నడుం వంచి ఎండలో నిలబెట్టడం గురించి నమోదు చేసింది. సాగు మీద ఏ బరువూ పడని పన్నును కిట్టి బిగించి వసూలు చేయాల్సి రావడమే ఆ సిద్ధాంతం ఆచరణలో నిలవలేదనడానికి సాక్ష్యం.

పాలెగాళ్ల సంగతి ఈ మూడు వాదాల్లోనూ చిన్న గమనికగానే మిగిలిపోయింది. నొస్సం పాలెగాళ్ల వంశానికి చెందిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి అందే భత్యం నెలకు 11 రూపాయల చిల్లర. 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద దాడి, 1847 ఫిబ్రవరి 22న ఉరి. ఆయన వెంట నడిచిన వాళ్లలో మాన్యాలు పోయిన కట్టుబడులు ఉన్నారు. మధ్యవాడిని తొలగిస్తే మిగులు రైతుకూ సర్కారుకూ దక్కుతుందన్న లెక్కలో, ఆ మధ్యవాడి మీద ఆధారపడి బతికే బంట్రోతు కుటుంబానికి ఏ గడీ లేదు.

కరువులో ధాన్యం వ్యాపారం

భాటకం కంటే ప్రాణాంతకమైన తగువు ఇది. ధాన్యం వర్తకానికి సర్కారు అడ్డుపడితే కొరత కరువుగా మారుతుందని స్మిత్ రాశాడు. బెంగాల్ కరువులో కుంఫిణీ నౌకర్లు బియ్యం వర్తకం మీద పెట్టిన ఆంక్షలనే అందుకు ఉదాహరణగా చూపించాడు. కరువులో ధర పెరగడం వల్ల జనం పొదుపుగా తింటారు, ఎక్కడ ధర ఎక్కువుంటే అక్కడికి వర్తకుడు ధాన్యం తెస్తాడు. తర్కం ఇదీ.

1876లో వానలు లేవు. మద్రాసు ప్రభుత్వం 30,000 టన్నుల ధాన్యం కొనిపెట్టుకుంటే, వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం అది వర్తకానికి అడ్డమని మందలించింది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి సహాయపు పనుల కూలిని కుదించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన అర్ధణా. ఒక పౌను అంటే 450 గ్రాములు. దాంతో రోజంతా రాళ్లు కొట్టాలి. ఆ తిండితో మనిషి బతకడని మద్రాసు ఆరోగ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది.

అంబిరాజన్ ఈ విధానంలో స్మిత్ నీడను చూస్తాడు. 2001లో మైక్ డేవిస్ అదే మాటను ఇంకా తీవ్రంగా అన్నాడు. అమర్త్య సేన్ వేరే దారి చూపించాడు. కరువులో ముందు మాయమయ్యేది ధాన్యం కాదు, కూలికి దాన్ని కొనే శక్తి. స్మిత్ కూడా వేతనాల అధ్యాయంలో, బెంగాల్‌లో పని దొరక్క జనం ఆకలితో చస్తున్న సంగతి రాశాడు. అధికారులు ఆయన పుస్తకంలో ఒక అధ్యాయం చదివి ఇంకో అధ్యాయం వదిలేశారన్నమాట.

నంద్యాల, ఆత్మకూరు వైపు ఇంకో చిక్కుంది. అప్పటికి రైలు గుత్తి, ఆదోనిల మీదుగా పోతోంది. నంద్యాలకు రైలు వచ్చింది ఆ కరువు తర్వాతే. గుత్తి స్టేషన్లో దిగిన ధాన్యం బండ్ల మీద రావాలి. బండి లాగే ఎద్దుకు మేత లేదు. ధర ఎంత పెరిగినా, ఎద్దు చచ్చాక ధాన్యం నడిచి రాదు. అంగడి పనిచేయాలంటే దారి, ఎద్దు, కొనేవాడి చేతిలో డబ్బు ముందుగా ఉండాలన్న సంగతిని ఆ సిద్ధాంతం తీసుకున్నవాళ్లు చూడలేదు.

అంతకు పదేళ్ల ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఒక దాత ఇంటి ముందు వేలమంది చేరారంటే, అంగడి ఆ ఊళ్లకు చేరలేదని అర్థం. 1880 కరువు కమిషన్ తర్వాత వచ్చిన కరువు నియమావళితో, ప్రాణాలు కాపాడటం సర్కారు బాధ్యత అన్నది కాగితం మీదికి ఎక్కింది.

కాలువ ఎవరు తవ్వాలి

స్మిత్ చెప్పిన మూడో పనికి మన జిల్లాలోనే పరీక్ష జరిగింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, నంద్యాల మీదుగా కడప దాకా నీళ్లు తీసుకెళ్లే కర్నూలు-కడప (కె.సి.) కాలువను 1860లలో తవ్వింది మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. పేరుకు ప్రైవేటు పెట్టుబడి. నష్టమొచ్చినా 10 లక్షల పౌండ్ల మీద నూటికి 5 వడ్డీ ఇస్తామని సర్కారు హామీ. రేగడి రైతులు నీటి తీరువ కట్టి నీళ్లు తీసుకోవడానికి వెనకాడారు. జొన్న, పత్తి వేసే నల్లనేలకు కాలువ నీళ్లు సరిపడవన్నది వాళ్ల అనుభవం. కంపెనీకి రాబడి రాలేదు, వడ్డీ ఖజానా కట్టింది, 1882లో కాలువను సర్కారే కొనేసింది. దీన్ని స్వేచ్ఛా వ్యాపారం వైఫల్యం అనడం తప్పు, సర్కారు వైఫల్యం అనడమూ తప్పు. నష్టం ప్రజలది, వడ్డీ వాటాదారులది అయిన ఏర్పాటును స్మిత్ ఏ పేజీలోనూ సమర్థించలేదు.

ఆ కాలువ కిందే ఇప్పుడు నంద్యాల సోనా మసూరి పండుతోంది. నేల సారం శాశ్వతమని రికార్డో అనుకున్నాడు. నీళ్లు వచ్చాక ఏ నేల మంచిది, ఏది చెడ్డది అన్న వరసే మారిపోయింది.

లెక్కకు రాని నేల

ఆత్మకూరు నుంచి తూర్పుకు నడిస్తే నల్లమల. అక్కడి చెంచులకు అడవి ఒక పొలం కాదు, తేనె, గడ్డలు, వెదురు, వేట. సంప్రదాయ అర్థశాస్త్రం నేలను సాగులో ఉన్నది, సాగుకు రావాల్సినది అని రెండుగా చూసింది. రైత్వారీలో పట్టా లేని నేల సర్కారుది. 1882 మద్రాసు అటవీ చట్టంతో ఆ సర్కారు నేల రక్షిత అడవి అయింది, చెంచు తన ఇంట్లోనే అనుమతి అడగాల్సిన మనిషి అయ్యాడు. ఉమ్మడి నేల గురించి రికార్డో మౌనంగా ఉన్నాడు. ఆ మౌనానికి మూల్యం కట్టింది నల్లమల.

ఇంకా తేలనివి

రైత్వారీలో రైతు అంటే నిజంగా దున్నేవాడా, లేక ఊరి పెద్ద రెడ్డో కరణమో అన్నది తేలలేదు. బ్రిటిష్ పాలనకు ముందే దక్షిణ భారతంలో భూమిలేని కూలీలు పెద్ద సంఖ్యలో ఉన్నారని ధర్మా కుమార్ 1965లో చూపించింది. అది నిజమైతే, పట్టా ఎవరి పేరు మీద ఇచ్చారన్నది సిద్ధాంతం కంటే ముఖ్యమైన ప్రశ్న.

రెండోది, భాటకం ఇప్పుడు ఎవరికి పోతోంది? శిస్తు దాదాపు పేరుకే మిగిలింది. భాటకం కౌలుగా, గుత్తగా పట్టణంలో ఉండే పట్టాదారుకు పోతోంది. 2019లో రాష్ట్రం తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు రైతుకు 11 నెలల పత్రం ఇస్తుంది, యజమాని సంతకం చేస్తేనే. రికార్డో ఎవరి మీద కలం ఝళిపించాడో ఆ మనిషి చేతిలోనే తాళం ఉంది. 2022లో తెచ్చిన భూ యాజమాన్య హక్కుల చట్టాన్ని 2024లో రద్దు చేశారు. నేల ఎవరిదన్న 1807 నాటి ప్రశ్న శాసనసభలో ఇప్పటికీ నలుగుతోంది.

మూడోది, పోలిక. కోవెలకుంట్ల వైపు మన్రో సర్వే కిందికి 1800ల మొదట్లోనే వచ్చింది, ఆత్మకూరు, నంద్యాల వైపు నవాబు అమరకాలు (కొలువు మాన్యాలు), ఇజారాల (శిస్తు గుత్తల) కింద 1839 దాకా సాగింది. ఒకే కుందూ లోయ, ఒకే రేగడి, ఒకే వాన, రెండు శిస్తు పద్ధతులు. సిద్ధాంతం ఎంత, పాలన ఎంత, నేల ఎంత అని విడదీయడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. లండన్ పత్రాల మీద స్టోక్స్, అంబిరాజన్ చేసిన పని గొప్పది. ఇక్కడి మాట వినడానికి కాలిన్ మెకంజీ గుమాస్తాలు ఊరూరా తిరిగి తెలుగులో రాసిన కైఫీయతులు ఉన్నాయి. కడప జిల్లావి సి.పి. బ్రౌన్ కేంద్రం అచ్చు వేసింది. జమాబందీ చిట్టాలున్నాయి. 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభల్లోనే చిలుకూరి నారాయణరావు దత్త మండలం అన్న పేరు తీసేసి రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించాడు. పేరు మార్చుకున్న ఊరే తన శిస్తు కథనూ తన భాషలో రాసుకోవాలి. నంద్యాల, కర్నూలు, కడప కళాశాలల్లో అర్థశాస్త్రం, చరిత్ర చదివే పిల్లలారా, రికార్డోను ఒక చేత్తో, మీ ఊరి కైఫీయతును ఇంకో చేత్తో పట్టుకుని కూర్చోండి. ఆ పని మీరే చేయాలి.